పాత సిస్టమ్‌లు, పాత ఫాంట్లు: మన సంఘం 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంఘంగా ఈ ఏడాది మన పని చాలావరకు ఒక్క తేదీ చుట్టూనే తిరిగింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు ఆపేసింది. విండోస్ 11 వేసుకోవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ప్రాసెసర్ కూడా మరీ పాతది కాకూడదు. నల్గొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల జిరాక్స్, డీటీపీ షాపుల్లో నడిచే సిస్టమ్‌లు చాలావాటికి ఆ అర్హత లేదు. బండి లాంటి సిస్టమ్, రోజంతా పని చేస్తూనే ఉంది, అయినా పక్కన పెట్టమంటున్నారు. "కొత్తది కొనాల్సిందేనా అన్నా?" అంటూ ఎండాకాలం నుంచే మనకు ఫోన్లు మొదలయ్యాయి.

అందుకే ఆదివారాలు శిబిరాలు పెట్టాం. నల్గొండలో ఎక్కువ, మిర్యాలగూడ, దేవరకొండల్లో కొన్ని. ఎవరి సిస్టమ్‌లోనూ నేరుగా చెయ్యి పెట్టలేదు. ముందు పెన్‌డ్రైవ్ నుంచే, విండోస్ బదులు వాడుకొనే ఉచిత లినక్స్ మింట్ నడిపి వైఫై, సౌండ్, ప్రింటర్ పలుకుతున్నాయో లేదో యజమాని కళ్లముందే చూసేవాళ్లం. తర్వాత ఫొటోలు, ఫైళ్లు బ్యాకప్ తీసి, ఆయన సరే అన్నాకే ఇన్‌స్టాల్ చేశాం. ర్యామ్ తక్కువున్న వాటికి మింట్‌లోనే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం వేశాం. మింట్ 22 వరుసకు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి కాబట్టి కొన్నేళ్లు నిశ్చింత. పాత హార్డ్ డిస్క్ తీసి వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ పెట్టించుకున్నవాళ్లయితే అదే సిస్టమ్ అంటే నమ్మలేదు.

అందరికీ లినక్స్ అంటగట్టలేదు. రైసుమిల్లుల్లో అకౌంట్లు రాసేవాళ్లకు ట్యాలీ లేకుండా పూట గడవదు, అది లినక్స్ మీద నేరుగా నడవదు. ఆ సిస్టమ్ అలాగే ఉంచుకొమ్మని, ఇంట్లో పిల్లలు వాడేది మార్చుకొమ్మని చెప్పాం. కార్యవర్గంలో ఒకరిద్దరికి ఇది నచ్చలేదు. నా మట్టుకు నాకు ఇదే సరైన పద్ధతి. పని ఆగిపోయిన మనిషి మళ్లీ మన దగ్గరికి రాడు.

అసలు కష్టం మాత్రం లినక్స్‌తో రాలేదు, తెలుగు ఫైళ్లతో వచ్చింది. దేవరకొండ వైపు నుంచి రిటైరైన తెలుగు సార్ ఒకరు సీడీ పట్టుకొచ్చారు. అందులో ఆయన రాసిన సొంత ఊరి చరిత్ర ఉంది. గుడి శాసనాలు, కరువులు, చెరువు తూము కట్టించిన కథ అన్నీ డీటీపీ షాపులో టైపు చేయించారు. ఆ షాపు ఇప్పుడు లేదు. ఫైలు తెరిస్తే తెలుగు ముక్క లేదు, ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, డాలరు గుర్తులు. సార్ ముఖం పాలిపోయింది.

ఇది వైరస్ కాదు. అప్పటి డీటీపీ ఫాంట్లు యూనికోడ్‌వి కావు, అంటే ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే ఇప్పటి పద్ధతివి కావు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టి నడిపించారు. ఆ ఫాంట్ ఉంటేనే తెలుగు, లేదంటే గజిబిజి. పైగా ఒక అక్షరం రెండు మూడు ముక్కలుగా దాచి ఉంటుంది, ఒత్తులు అక్షరానికి ముందో వెనకో పడి ఉంటాయి. కన్వర్టర్‌తో మార్చాక కూడా కూర్చుని దిద్దాల్సిందే. సార్ మన కుర్రాళ్లతో కలిసి పేజీ పేజీ దిద్దారు. ఇప్పుడా పుస్తకం యూనికోడ్‌లో, ఓడీటీ అనే అందరూ తెరవగలిగే రకం ఫైలుగా ఉంది. ఫోన్‌లోనూ చదవొచ్చు, వెతకొచ్చు.

ఇక్కడే నాకు బాగా బాధనిపించింది. మన జిల్లాలో ఎన్ని ఊళ్ల చరిత్రలు, ఎన్ని భజన కీర్తనలు, ఎందరు కవుల రాతలు ఇలా ఫాంట్లకు తాకట్టుపడి ఉన్నాయో! రాసినవాడే తన రాత తెరవలేకపోతే అది ఎవరి సొత్తు?

డీటీపీ ఆపరేటర్లకు ప్రత్యేకంగా ఒక శిక్షణ పెట్టాం. యూనికోడ్ అంటే కొత్తగా టైపింగ్ నేర్చుకోవాలేమోనని వాళ్ల భయం. లినక్స్‌లో భాషల టైపింగ్ చూసే ఐబస్‌కు ఎం17ఎన్ అనే కీబోర్డు అమరికల మూట జోడిస్తే, ప్రభుత్వ ప్రామాణిక అమరిక ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు డీటీపీ వాళ్లకు అలవాటైన యాపిల్ కీబోర్డు అమరిక కూడా దొరుకుతుంది. ఏళ్ల తరబడి యాపిల్ మీద కొట్టిన ఒక ఆపరేటర్ రెండు వరుసలు టైపు చేసి "వేళ్లు మర్చిపోలేదు సార్" అన్నారు. పెండ్లి పత్రికలకు రామభద్ర, మండలి, సురన్న లాంటి ఫాంట్లు ఉచితంగా, స్వేచ్ఛగా వాడుకొనే లైసెన్సుతో ఉన్నాయి. పేజీలు కూర్చే ఉచిత సాఫ్ట్‌వేర్ స్క్రైబస్‌లో 2024లో వచ్చిన 1.6లో తెలుగు ఒత్తులు సరిగ్గా కూర్చుంటున్నాయి, పాత 1.4లో ఆ సౌకర్యం లేదు. అయితే బయటి ప్రెస్సుకు పంపే పని ఉన్నవాళ్లు పాత పద్ధతిని ఇంకా పూర్తిగా వదల్లేదు. పీడీఎఫ్ ఇస్తే చాలని ప్రెస్సువాళ్లకు నచ్చజెప్పాల్సి ఉంది.

డిగ్రీ కాలేజీ విద్యార్థులతో సదస్సు జరిపాం. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ అనే స్వేచ్ఛా సిస్టమ్ పథకం ప్రకటించడం, 1991లో లినస్ టోర్వాల్డ్స్ రాసిన లినక్స్ కెర్నల్ (సిస్టమ్‌కు గుండెలాంటి భాగం) రావడం చెప్పి, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఇచ్చే నాలుగు స్వేచ్ఛల దగ్గర ఎక్కువసేపు ఆగాం: ఏ పనికైనా వాడుకోవడం, లోపల ఎలా పనిచేస్తుందో చూసి మార్చుకోవడం, నలుగురికీ పంచడం, మార్చినదాన్ని కూడా పంచడం. "కాపీ ఇస్తే తప్పు కాదా?" అని ఒకమ్మాయి అడిగింది. కాదని చెప్పగానే తన పెన్‌డ్రైవ్ తీసింది. ఆ సాయంత్రం చాలామంది కాపీలు చేసుకెళ్లారు.

మహబూబ్‌నగర్ మిత్రులు అక్కడా శిబిరం పెట్టమని అడిగారు. మనుషులు చాలక వెళ్లలేకపోయాం.

ఖర్చు ఎక్కువగా పెన్‌డ్రైవ్‌లకు, హాలు అద్దెకు, చాయ్‌కి అయింది. జమాఖర్చుల పట్టిక విడిగా ఇస్తున్నాం, కోశాధికారి సమావేశంలో చదువుతారు.

వచ్చే ఏడాది ఫైళ్లు మార్చే పనికే పెద్దపీట వేయాలని కార్యవర్గం ప్రతిపాదన. పాత సీడీలు, ఫ్లాపీలు తెచ్చేవాళ్లు ఉంటారు కాబట్టి పనిచేసే సీడీ డ్రైవ్, ఫ్లాపీ డ్రైవ్ ఎవరి దగ్గరున్నా చెప్పండి. ఒత్తులు దిద్దడానికి తెలుగు బాగా వచ్చిన పెద్దలు, కన్వర్టర్లు నడపడానికి కుర్రాళ్లు ఇద్దరూ కావాలి. సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు సభ్యత్వ రుసుముతో పాటు, ఇంట్లో ఉన్న పాత తెలుగు ఫైలు ఒక్కటైనా తీసుకురండి.

కార్యదర్శి
నల్గొండ