తరగతులు ఐదు, టీచర్లు ఇద్దరు

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ పేపర్ల సర్కారు బడుల మీద వార్త వచ్చింది, పిల్లలు తగ్గుతున్నరు కానీ టీచర్లు మాత్రం ఎక్కువున్నరు, ఒక్కో పిల్లగాని మీద పెట్టే ఖర్చు చూస్తే కార్పొరేట్ ఫీజు కూడా దండగ కాదన్నట్టు రాసిన్రు. అది చదివిన కాడినుంచి మనసు మనసుల లేదు. నేను తెలంగాణల ఒక పల్లెటూరి ప్రైమరీ స్కూల్ల ఎస్జీటీని, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్ని. జీతం గురించి ఏడవడానికి రాస్తలేను, జీతం మంచిగనే వస్తది, డీఏలు పీఆర్సీ సంగతి యూనియన్లు చూసుకుంటయి.

మీరు రాసిన "ఎక్కువ టీచర్లు" ఏ లెక్కల వచ్చిందో జర చూడాలె. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైమరీల 60 మంది పిల్లల దాకా ఇద్దరే టీచర్లు, 90 దాకా ముగ్గురు, 120 దాకా నలుగురు, ఐదో టీచర్ రావాలంటే 120 దాటాలె. ఏ పల్లెల ఉన్నరండీ ఇప్పుడు అంతమంది? బడిల తరగతులు మాత్రం ఐదే, పిల్లలు ముప్పై మంది ఉన్నా ఐదే. ఒకటి రెండు తరగతులకి తెలుగు ఇంగ్లిష్ లెక్కలు, మూడు నుంచి ఐదు దాకా వాటితోని ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం) కూడా, మొత్తం 18 సబ్జెక్టులు. అవి ఇద్దరం పంచుకోవాలె, అందుల ఒకరు ఇన్‌చార్జ్ హెచ్ఎం, అంటే మధ్యాహ్న భోజనం లెక్కలు, యూడైస్ (బడుల వివరాలు ఎక్కించే ఆన్‌లైన్ రికార్డు), అపార్ ఐడీలు (ఒక్కో పిల్లగానికి ఇచ్చే నంబర్), ఆధార్ల పేరు ఒకతీరు రిజిస్టర్ల పేరు ఒకతీరు ఉంటే తల్లిదండ్రుల్ని మీసేవ చుట్టు తిప్పుడు, అన్నీ ఆయన మీదనే. ఆయన మీటింగుకో ట్రైనింగుకో పోయిండంటే ఆ రోజు ఐదు తరగతులూ నా ముందటనే. ఒకటోది అక్షరాలు దిద్దాలె, ఐదోది భాగహారాలు చెయ్యాలె, నడుమ మూడోది "సార్ రాసుడైంది" అని పలక ఎత్తి చూపెడతది. దాన్ని బోధన అనరు, కాపలా అంటరు.

పక్కూరి బడిల ఇద్దరుంటే ఒకర్ని వర్క్ అడ్జస్ట్‌మెంట్ (తాత్కాలిక సర్దుబాటు) మీద ఇంకో బడికి పంపుతరు. కాగితం మీద ఇద్దరే ఉంటరు మరి. ఎంఈఓను (మండల విద్యాధికారిని) అడుగుదామంటే చాలా మండలాల్ల ఆయన కూడా ఇన్‌చార్జే, ఆయన బడి ఆయనకి వేరే ఉంటది.

జూన్ల బడిబాట అని పిల్లల్ని బడిల చేర్పించమని ఇల్లిల్లు తిరుగుతం కదా, పోయిన ఏడాది ఒకమ్మ మంచినీళ్లిచ్చి కూసోబెట్టి సూటిగ అడిగింది, "సారూ, మా పోరడు ఒకటో తరగతి, ఐదో తరగతోళ్లతోని ఒక్క అర్రల కూసోవాల్నా?" అని. పుస్తకాలు ఫ్రీ, బట్టలు ఫ్రీ, అన్నం పెడతం అని చెప్పిన. "అవన్నీ సరే, క్లాసుకో టీచర్ ఉంటరా?" అన్నది. ఏం చెప్పాలె? ప్రైవేటుల ఇంటర్ చదివిన పిల్లనే పెట్టనీ, క్లాసుకొకరుంటరు, ఎల్‌కేజీ యూకేజీ కూడా ఉంటది, ఇంటి ముందటికి బస్సొస్తది. ఆ తల్లి తప్పేం లేదు, నేనైనా అట్లనే ఆలోచిస్త. పిల్లలు తగ్గిన్రని టీచర్ని తీస్తరు, టీచర్ లేడని ఇంకింత మంది పోతరు, ఆఖరికి జీరో ఎన్‌రోల్‌మెంట్ అని మీరే వార్త రాస్తరు!

అదే విద్యాహక్కు చట్టంల 27వ సెక్షన్ పదేళ్లకోసారి చేసే జనగణన, ఎన్నికలు, విపత్తులు తప్ప వేరే పనికి టీచర్ని వాడొద్దంటది. అయినా 2024 నవంబర్ల రాష్ట్ర సర్కారు చేసిన ఇంటింటి కులగణనకి మా ఎస్జీటీలనే పంపిన్రు, ప్రైమరీ స్కూళ్లు ఒంటిపూట నడిచినయి. సర్వే అవసరమే కావచ్చు, కానీ హైస్కూలు నడిచింది, ప్రైవేటు నడిచింది, మా పిల్లల పూటే ఎందుకు పోవాలె?

ఆంధ్రల 2025ల మోడల్ ప్రైమరీ స్కూల్స్ అని పెట్టి తరగతికో టీచర్ అన్నరు. అక్కడ కూడా చిన్న బడులకి పాత కథే అని తోటి టీచర్లు అంటున్నరు గానీ, కనీసం తరగతుల లెక్క మొదలైతే అయింది. మన దగ్గర ఆ ముచ్చటే లేదు, ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్ మాత్రం వచ్చింది. పెట్టుకోనీ, నేను రోజూ టైముకే పోత, నాకేం భయం లేదు. నేను బడిల ఉన్ననా లేనా అన్నది ఫోన్ చెప్తది, ఎన్ని తరగతుల ముందు నిలబడ్డనో అది చెప్పదు.

ఈసారి పిల్లల సంఖ్య, టీచర్ల సంఖ్య పక్కపక్కన వేసి టేబుల్ ప్రింట్ చేసేటప్పుడు మూడో కాలమ్ ఒకటి పెట్టున్రి, బడిల తరగతులెన్ని అని. మండలం వారీగ కావాలంటే యూడైస్ల దొరుకుతయి.

ఇట్లు,
ఒక ఎస్జీటీ
(పేరు, ఊరు వెయ్యకున్రి)