ఎల్‌సీ పుస్తకంలో లేని పేరు

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను కరెంటు శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన లైన్‌మన్‌ని. జూనియర్ లైన్‌మన్ పోస్టులకు నోటిఫికేషన్ పడ్డప్పుడల్లా అర్హతల దగ్గర ఒకే మాట కనిపిస్తుంది: పదో తరగతి, దాంతోపాటు ఎలక్ట్రికల్ ట్రేడులో ఐటీఐ, లేదంటే ఇంటర్ ఒకేషనల్. అది చదివిన ప్రతిసారీ నాకు నా హెల్పర్ గుర్తొస్తాడు.

అతను తొమ్మిదో తరగతితో చదువు ఆపేశాడు. పద్దెనిమిదేళ్ల కింద నా వెంట తిరగడం మొదలుపెట్టాడు. శాఖ లెక్కల్లో అతను లేడు. నేనిచ్చింది కొంత, రైతులు చేతిలో పెట్టింది కొంత, అదే అతని సంపాదన. ఊళ్లలో ఉండేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. ఒక్క లైన్‌మన్ మూడు నాలుగు ఊళ్లు చూసుకోవాలి. యాసంగిలో మోటార్లన్నీ ఒకేసారి నడిస్తే ఫ్యూజులు నిలవవు. హెల్పర్ తోడు లేకపోతే పని సాగదు. గాలివానకు లైను ట్రిప్పయితే ఏ గట్టు మీద కొమ్మ తీగకు ఆనుతుందో అతనికి తెలుసు. సగం రాత్రి టార్చిలైటుతో పోయి, ఇన్సులేటర్ పగిలిన స్తంభాన్ని పట్టుకునేవాడు. లైను బందు చేసే ఏబీ స్విచ్ తీశాక కూడా, తీగను భూమికి కలిపి ఎర్త్ చేయనిదే ముట్టేవాడు కాదు.

11 కేవీ లైను మీద పనికి ముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్ (కరెంటు ఆపి పనికిచ్చే అనుమతి), తీసుకోవాలి. అది ఉద్యోగి పేరు మీదే ఇస్తారు. పుస్తకంలో నా పేరుండేది. స్తంభం మీద అతనుండేవాడు. జరగరానిది జరిగి ఉంటే, అతను అక్కడ ఎందుకున్నాడో చెప్పే కాగితం ఒక్కటీ దొరికేది కాదు. ఆ తప్పులో నాకూ పాలుంది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

స్తంభం ఎక్కే పరీక్ష నియామకంలో ఉంది, కానీ అది చివర్లో. ముందు ఐటీఐ సర్టిఫికెట్, తర్వాత రాతపరీక్ష, అవి దాటినవాళ్లకే స్తంభం. ఒక నోటిఫికేషన్ పడ్డప్పుడు మా చుట్టుపక్కల ఐటీఐ పిల్లలు ఎక్కడం రాక నా హెల్పర్ దగ్గరికే వచ్చారు. నెల రోజులు పొద్దున్నే వాళ్లకు నేర్పించాడు. వాళ్లలో ఒకతనికి ఉద్యోగం వచ్చింది. మంచి కుర్రాడు, బుద్ధిగా పని నేర్చుకున్నాడు. నేర్పినవాడు మాత్రం దరఖాస్తు కూడా పెట్టుకోలేకపోయాడు. ఆన్‌లైన్ ఫారంలో ఐటీఐ వివరాలడిగే గడి దగ్గరే అతని కథ ఆగిపోయింది.

దీనికి దారి లేక కాదు. కేంద్రం 2013 డిసెంబరులోనే జాతీయ నైపుణ్య అర్హతల విధానాన్ని నోటిఫై చేసింది. బడిలో నేర్చినా, పనిలో నేర్చినా నైపుణ్యాన్ని స్థాయిలుగా గుర్తించాలన్నది దాని ఉద్దేశం. కేంద్ర ఉద్యోగాల నియామక నిబంధనలు ఆ స్థాయిల ప్రకారం మార్చాలని, రాష్ట్రాలను కూడా ప్రోత్సహించాలని అందులోనే రాశారు. పని అనుభవాన్ని పరీక్షించి ఆర్‌పీఎల్ (ముందే నేర్చుకున్నదానికి గుర్తింపు) పేరుతో సర్టిఫికెట్లు కూడా ఇస్తున్నారు. లైన్‌మన్ పోస్టుకు దాన్ని అర్హతగా తీసుకోకపోతే ఆ కాగితం ఎందుకు?

మా అమ్మాయి అమెరికాలో పెన్సిల్వేనియాలో ఉంటుంది. 2023 జనవరిలో అక్కడి గవర్నర్ షపీరో పదవిలోకి రాగానే మొట్టమొదటి ఉత్తర్వుగా రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో 92 శాతానికి, అంటే దాదాపు 65 వేల పోస్టులకు, నాలుగేళ్ల డిగ్రీ అక్కర్లేదని ప్రకటించారు. మన దగ్గర గ్రూప్-4 జూనియర్ అసిస్టెంటుకు కూడా డిగ్రీ అడుగుతున్నారు. దాని సంగతి చదువుకున్నవాళ్లు చర్చించాలి. నాకు తెలిసింది లైను పని, దాని గురించే మాట్లాడతాను.

కరెంటుతో చెలగాటం వద్దు, చదువు లేనివాణ్ని ఎలా ఎక్కిస్తారు అని కొందరంటారు. వాళ్ల భయం నిజమైనదే. లైను బందు చేసినా ఎవరి ఇంటి జనరేటర్ నుంచో వెనక్కి కరెంటు రావచ్చు. అది ఎందుకొస్తుందో తెలియని మనిషి స్తంభం మీద ఉండకూడదు. అందుకే ముందు పని పరీక్ష పెట్టండి. అందులో నెగ్గినవాళ్లను ఆరు నెలలు ప్రభుత్వ ఐటీఐలో కూర్చోబెట్టి సిద్ధాంతం, భద్రతా నియమాలు చెప్పండి. ఆఖర్లో అందరికీ పెట్టే ట్రేడ్ టెస్టే వాళ్లకూ పెట్టండి. ఇప్పుడైతే ఆ చదువేదీ చెప్పకుండానే వాళ్లను రోజూ ఎక్కిస్తున్నాం. ఐటీఐ పిల్లల కడుపు కొట్టమని కూడా అనడం లేదు. పోస్టుల్లో కొంత వాటా చాలు.

2017లో తెలంగాణ విద్యుత్ సంస్థలు 20 వేల మందికి పైగా ఔట్‌సోర్సింగ్ కార్మికులను ఆర్టిజన్లుగా, అంటే తమ సొంత కార్మికులుగా, తీసుకున్నాయి. మంచి పని. కానీ వాళ్ల పేర్లు కనీసం కాంట్రాక్టర్ల రికార్డుల్లో ఉన్నాయి. నా హెల్పర్ లాంటివాళ్లు ఏ రిజిస్టరులోనూ లేరు. వాళ్లు ఇన్నేళ్లు పనిచేశారని చెప్పగలిగేది ఆ ఊరి జనం, మాలాంటి లైన్‌మన్లే. కానీ బయటి మనిషిని స్తంభం ఎక్కించానని రాసిచ్చే లైన్‌మన్ మీదే ముందు చర్య పడుతుంది. అందుకే ఎవరూ నోరు విప్పరు. అలా రాసిచ్చినవాళ్ల మీద చర్య ఉండదని శాఖ ఒక్క సర్క్యులర్ ఇస్తే, ఊరూరా ఈ పేర్లు బయటికొస్తాయి. పనిచేసిన ఏళ్లను బట్టి వయోపరిమితి సడలించడం కూడా అప్పుడే వీలవుతుంది. నా హెల్పర్‌కు ఇప్పుడు నలభై దాటింది.

నేను రిటైరయ్యాను. అతని కోసం ఆ సంతకం రేపే పెడతాను. సర్వీసులో ఉన్న నా తోటివాళ్లకు కూడా ఆ ధైర్యం ఇవ్వమని ఇంధన శాఖను అడుగుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత లైన్‌మన్,
వరంగల్ జిల్లా