ప్రాజెక్ట్ మేనేజర్ అవ్వాలనుకునేవాళ్లకు

అందరికీ నమస్కారం. ఈ లైన్‌లోకి రావాలంటే ముందు పీఎంపీ (పీఎంఐ అనే సంస్థ ఇచ్చే ప్రాజెక్ట్ మేనేజర్ల సర్టిఫికెట్) పరీక్ష రాసేయాలా అని చాలామంది అడుగుతున్నారు. అనుభవం లేకుండా అది రాయనివ్వరండీ. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లయినా 36 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం, 35 గంటల శిక్షణ చూపించాలి. కొత్తవాళ్లు అదే పీఎంఐ వాళ్ల మొదటి మెట్టు సర్టిఫికెట్ సీఏపీఎం చూడండి, 23 గంటల శిక్షణ చాలు. ప్రిన్స్2 అని ఇంకో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ ఉంది, దాని తొలి మెట్టు ఫౌండేషన్‌కి ఆ శిక్షణా అడగరు.

నన్నడిగితే, సర్టిఫికెట్ కన్నా ముందు మీ టీమ్‌లోనే ఏదో ఒక చిన్న పని నెత్తినేసుకోండి. ఎవరి పని ఎక్కడ ఆగిందో షీట్‌లో పెట్టడం, గడువు జారేలా ఉంటే ముందే చెప్పడం లాంటివి. చేసిందల్లా తేదీలతో రాసిపెట్టుకోండి. పీఎంపీ దరఖాస్తులో ఏ ప్రాజెక్టులో మీరేం చేశారో నెలలతో సహా నింపాలి. మీరు రాసింది నిజమేనా అని పీఎంఐ వాళ్ల ఆడిట్ (తనిఖీ) పడితే పాత మేనేజర్ సంతకం కోసం తిరగడం మహా టెన్షన్.