అడ్వాన్సు ఇచ్చేముందు ఒక్కసారి చదువు

కొత్తపేట,
ఆదివారం సాయంత్రం

బావా,

నిన్న ఫోన్లో నువ్వు "శుక్రవారం మంచిరోజట, పెట్రోల్ కారుకి అడ్వాన్సు ఇచ్చేస్తున్నాను" అన్న దగ్గర్నుంచి నాకు మనసు నిలవడం లేదు. ఎలక్ట్రిక్ కారు సంగతి చెప్పడం మొదలుపెట్టానో లేదో సిగ్నల్ పోయింది. అయినా అంకెలు ఫోన్లో చెబితే బుర్రలో నిలవవు. అందుకే కూర్చుని రాస్తున్నాను. చెల్లెమ్మ చేత కూడా చదివించు. ఇంట్లో కరెంటు బిల్లు కట్టేది ఆవిడే కదా, ఈ లెక్కలో సగం ఆవిడ చేతిలోనే ఉంది.

నా ఎలక్ట్రిక్ టియాగో కారుకి ఈ మాఘమాసంతో మూడేళ్లు నిండాయి. మీటరు 58 వేల కిలోమీటర్లు దాటింది. డ్యాష్‌బోర్డు అరలో ఎర్ర అట్ట నోటుబుక్కు నువ్వు చూశావుగా, కొన్న రోజు నుంచి ప్రతి ఖర్చూ అందులో రాస్తున్నాను. నా బండి గురించి ఇక్కడ చెప్పేదంతా ఆ పుస్తకంలోదే.

ముందు నీ లెక్క చూద్దాం. రాజోలు నుంచి అమలాపురంలో షాపుకి రానూపోనూ అరవై కిలోమీటర్లు, నెలకు పాతిక రోజులు. అంటే 1,500. ఏడాదికి 18 వేలు. ఏ బండి కొనాలో తేల్చేది ఈ అంకేరా. షోరూమ్ ధర కాదు, మైలేజీ కాదు, ఏడాదికి నువ్వెంత తిరుగుతావన్నది.

మన రాష్ట్రంలో పెట్రోల్ లీటరు 110 రూపాయల దగ్గర ఉంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో శక్తి తక్కువ కాబట్టి మైలేజీ కూడా కొంచెం తగ్గుతుంది. ఏసీ వేసుకుని, అంబాజీపేట సెంటర్లో ఆగుతూ వెళ్లే నీ దారిలో చిన్న పెట్రోల్ కారుకి లీటరుకు 17 వస్తే మంచిగా వచ్చినట్టే. అంటే కిలోమీటరుకు దాదాపు 6 రూపాయల 45 పైసలు.

నా బండి బ్యాటరీ 24 యూనిట్లది. ఒకసారి నిండా ఛార్జ్ చేస్తే 315 కిలోమీటర్లు అని కంపెనీ చెప్పింది. నాకు వచ్చేది 200. ఛార్జింగ్ సాకెట్‌కి విడిగా సబ్ మీటరు పెట్టించాను కాబట్టి ఖచ్చితంగా చెప్పగలను, ఖాళీ బ్యాటరీ నిండడానికి గోడలోంచి 27 యూనిట్లు లాగుతుంది. మధ్యలో మూడు యూనిట్లు వేడిగా పోతాయి. దీన్ని లెక్కలో వెయ్యకుండా "కిలోమీటరుకు రూపాయి కూడా పడదు" అని చెప్పేవాళ్ల మాట నమ్మకు.

ఇంకోటి, శ్లాబులు. మీ ఇంటికి నెలకు 200 యూనిట్లు కాలుతుందన్నావు. నీ తిరుగుడుకి కారు ఇంకో 200 లాగుతుంది. అవి దాదాపు అన్నీ బిల్లులో పై శ్లాబులో పడతాయి. 226 నుంచి 400 దాకా యూనిట్ 8.75, 400 దాటితే 9.75. ఎండాకాలం ఏసీ నడిచే నెలల్లో 400 దాటేస్తావు. దానిమీద ఇంధన సర్దుబాటు ఛార్జీ ఒకటి. అన్నీ కలిపి కిలోమీటరుకు రూపాయి 35 పైసలు వేసుకో. పెట్రోల్‌తో తేడా 5 రూపాయల 10 పైసలు.

ఇక ఎదురుగా నిలబడేది ధర. నీకు ఇచ్చిన కొటేషన్లలో ఎలక్ట్రిక్‌ది మూడు లక్షలు ఎక్కువ ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. ఎలక్ట్రిక్ మీద అప్పుడూ 5 శాతమే, ఇప్పుడూ 5 శాతమే. నేను కొన్నప్పటి కంటే నీకు తేడా పెరగడానికి అదో కారణం. ఆ మూడు లక్షలు ఐదేళ్ల లోన్లో 9 శాతం వడ్డీకి తీసుకుంటే మొత్తం 3 లక్షల 74 వేలు కడతావు. దాన్ని 5.10తో భాగించు. 73 వేల కిలోమీటర్లు. నీకది నాలుగేళ్లు. ఆ తర్వాత తిరిగే ప్రతి కిలోమీటరు మీదా ఐదు రూపాయలు నీ జేబులోనే ఉంటాయి.

మా పాలకొల్లు పెదనాన్నగారు కూడా నా బండి చూసి ముచ్చటపడి ఎలక్ట్రిక్ కొంటానన్నారు. ఆయన తిరిగేది నెలకు 400 కిలోమీటర్లు. గుడికీ, బ్యాంకుకీ, ఎప్పుడైనా భీమవరానికీ. ఆయనకు అదే 73 వేలు తిరగడానికి పదిహేనేళ్లు పడుతుంది. వద్దండీ, పెట్రోల్‌దే తీసుకోండి అని నేనే దగ్గరుండి కొనిపించాను. నా బండి మీద మమకారంతో నీకు ఇదంతా చెప్పడం లేదని తెలియాలనే ఆ సంగతి రాస్తున్నాను.

యానాంలో పోయించుకుంటానన్నావు. నిజమే, వంతెన దాటితే పుదుచ్చేరి పన్ను, లీటరుకు పది రూపాయలకు పైగానే తగ్గుతుంది. కాకినాడ వెళ్లేవాళ్లకి దారిలో ఉంటుంది కాబట్టి సరే. నీకు రాజోలు నుంచి రానూపోనూ 120 కిలోమీటర్లు. ఏడు లీటర్లు కాలతాయి. టాంకు నిండా 35 లీటర్లు పోయించినా మిగిలేది నాలుగొందలు, దారిలో కాలేది అంతకంటే ఎక్కువ. ఆదివారం ఇంట్లో ఉండు, పిల్లలు సంతోషిస్తారు.

మన రోడ్ల సంగతి కూడా చెప్పాలి. కాలువ గట్ల మీద నలభై, యాభైకి మించి పోలేం. ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తే దిగి ఆగాలి, గేదెలు అడ్డొస్తే ఆగాలి. పెట్రోల్ బండి ఇలాంటి చోటే ఎక్కువ తాగుతుంది. ఎలక్ట్రిక్ బండికి ఇదే అనుకూలం. మెల్లగా పోతే గాలి అడ్డు తక్కువ, కాలు తీసినప్పుడల్లా మోటారు కొంత కరెంటు వెనక్కి బ్యాటరీలోకి పంపుతుంది. అదే బండి రావులపాలెం దాటి పెద్ద హైవే ఎక్కి తొంభైలో పోనిస్తే నా 200 కాస్తా 160కి పడిపోతుంది. నీ రోజువారీ అరవైకి ఏ దిగులూ లేదు. దూరాభారం వెళ్లినప్పుడే జాగ్రత్త.

ఒక రాత్రి సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. అమ్మను విజయవాడలో కంటి డాక్టరుకి చూపించి తిరిగి వస్తున్నాను. తణుకు ఇవతల హైవే పక్కన ఒక ఛార్జింగ్ పాయింట్ ఉందని ఫోన్లో చూసుకుని ఆ ధైర్యంతో వచ్చాను. తీరా చూస్తే తెర చీకటిగా ఉంది. పక్కన టీ కొట్టతను "పది రోజుల్నుంచీ పనిచెయ్యట్లేదండీ" అన్నాడు. యాప్‌లో మాత్రం పచ్చగానే చూపిస్తోంది. బ్యాటరీ 17 శాతం. ఏసీ ఆపేసి, అద్దాలు దింపి, నలభై ఐదులో ఇంకో పాయింట్ దాకా ఇరవై కిలోమీటర్లు నడిపాను. అమ్మ కంటికి కట్టుతో వెనక సీట్లో కూర్చుని "ఇంకెంత దూరంరా" అని అడుగుతుంటే నాకు చేతులు చల్లబడ్డాయి. ఆ రోజు నుంచి 30 శాతం కంటే కిందికి రానివ్వను. వెళ్లబోయే పాయింట్‌కి ముందుగా ఫోన్ చేస్తాను. బయట ఛార్జింగ్ యూనిట్‌కు 18 నుంచి 24 రూపాయల దాకా కట్టాను, ఇంట్లో కంటే రెట్టింపుకి అటూఇటూ. ఇల్లు సొంతం కాకపోతే, అపార్టుమెంట్‌లో పాయింట్ లేకపోతే నిన్ను అసలు ఈ వైపు రమ్మనేవాణ్ణే కాదు.

ఇంటి వైరింగ్ ఖర్చు ఎవరూ చెప్పరు, నేను చెబుతున్నాను. బండి వచ్చిన రోజు ముచ్చటగా ప్లగ్ పెడితే ఛార్జర్ మీద ఎర్ర లైటు. మా పాత ఇంట్లో ఎర్త్ తీగ ఎప్పుడో తుప్పుపట్టి తెగిపోయిందట. ఎలక్ట్రీషియన్ వచ్చి నూతి పక్కన గొయ్యి తవ్వించి, బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి, నడుమ ఇనప పైపు దింపి, రెండు బిందెల నీళ్లు పోశాడు. మళ్లీ ప్లగ్ పెడితే పచ్చ లైటు వెలిగింది, మీ చెల్లెలు చప్పట్లు కొట్టింది. మెయిన్ బోర్డు నుంచి సాకెట్ దాకా విడిగా 4 ఎంఎం రాగి తీగ, దానికో ఎంసీబీ (కరెంటు ఎక్కువ లాగితే తనే ఆపేసే స్విచ్) వేయించు. పాత తీగ మీద రాత్రంతా 15 యాంపులు లాగితే సాకెట్ కరిగిపోతుంది. లోడ్ పెంచమని మనకు కరెంటు ఇచ్చే కంపెనీ ఈపీడీసీఎల్‌కి దరఖాస్తు పెట్టు. అన్నీ కలిపి నాకు తొమ్మిది వేలయ్యింది. షెడ్డు వేరు. షెడ్డు ఏ బండికైనా కావాల్సిందే, మీ పెరట్లో కొబ్బరిచెట్ల కింద మాత్రం పెట్టకు. మా పక్కింటి వాళ్ల కారు ముందు అద్దం మీద ఒక్క కాయ పడితే పద్నాలుగు వేలు పోయింది.

సర్వీసు నాకు ఏడాదికి మూడు వేలు. ఆయిలు లేదు, క్లచ్ లేదు, బెల్టు లేదు. పెట్రోల్‌కి ఏడు వేలు వేసుకో. ఇన్సూరెన్స్‌లో ఎదుటివాళ్ల నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ప్రీమియం ఎలక్ట్రిక్‌కి 2,904, ఇదే సైజు పెట్రోల్‌కి 3,416. కానీ బండి ధర ఎక్కువ కాబట్టి మన బండి నష్టానికి కట్టే ప్రీమియం పెరుగుతుంది. టైర్లు కూడా బరువుకి తొందరగా అరుగుతాయి, నావి 38 వేల కిలోమీటర్లకే మార్చాను. ఇవన్నీ ఒకదానికొకటి సరిపోతాయి.

ఇప్పుడు నువ్వు భయపడే బ్యాటరీ. దానికి వారంటీ 8 ఏళ్లు లేదా లక్షా 60 వేల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. నువ్వు ఎనిమిదేళ్లలో తిరిగేది లక్షా 44 వేలు. అంటే పూర్తిగా వారంటీలోనే ఉంటావు. నా బండి ఒక ఛార్జికి వెళ్లే దూరం మూడేళ్లలో 205 కిలోమీటర్ల నుంచి 195కి వచ్చింది. నిజంగా నష్టపోయేది అమ్మేటప్పుడు. పాత ఎలక్ట్రిక్ బండి అంటే బేరగాళ్లు మొహం తిప్పేసుకుంటున్నారు. మూడు నాలుగేళ్లకు మార్చేసే అలవాటుంటే కొనొద్దు. నీ పాత ఆల్టో పదకొండేళ్లు నడిపావు, నువ్వు మార్చే మనిషివి కాదు. ఎనిమిదేళ్లకు కిలోమీటర్ల మీద మిగిలేది 7 లక్షల 34 వేలు. ఎక్కువ పెట్టింది 3 లక్షల 74 వేలు తీసెయ్యి. అమ్మకంలో ఇంకో లక్షన్నర తగ్గిందనుకుందాం. అయినా రెండు లక్షల పైన చేతిలో ఉంటుంది. పాప ఇంజినీరింగ్‌లో చేరే ఏడు అది.

వానాకాలం మాట ఒకటి. గోదావరి పోటెత్తి కాజ్‌వేల మీదికి నీళ్లొచ్చినప్పుడు ఏ బండితోనూ దిగకు. పెట్రోల్‌దైతే ఇంజన్లోకి నీళ్లు పోతాయి, ఎలక్ట్రిక్‌దైతే బ్యాటరీ పెట్టె తడుస్తుంది. ఇన్సూరెన్స్‌లో దానికి విడిగా కవరు తీసుకోవాలి, అది మాత్రం మానకు.

చెల్లెమ్మను పోయిన ఆరు నెలల కరెంటు బిల్లులు తీసిపెట్టమను. యూనిట్లు చూసి నీ శ్లాబు లెక్క మళ్లీ వేస్తాను, తేడా వస్తే నా మాట వెనక్కి తీసుకుంటాను. మంగళవారం నేను మీ వైపు పెళ్లిపిలుపులకు రావాలి, నా బండి మీ ఇంట్లో వదిలేసి బస్సులో వచ్చేస్తాను. బుధ, గురు రెండు రోజులూ దాన్నేసుకుని షాపుకి వెళ్లు. రాత్రి వచ్చాక ఎంత శాతం మిగిలిందో ఎర్ర పుస్తకంలో రాసిపెట్టు. ఛార్జర్ డిక్కీలో ఉంటుంది, కానీ ఎర్త్ చూపించకుండా మీ ఇంట్లో ప్లగ్ పెట్టకు.

అత్తయ్యగారికి నా నమస్కారాలు చెప్పు. పోయినసారి పంపిన తొక్కుడు పచ్చడి అయిపోయిందని కూడా చెప్పు.

నీ,
కొత్తపేట బావ