తుడిచేయకండి, ఫిర్యాదు చేయండి

అయ్యా,

మద్దిలపాలెంలో నాది మొబైల్ రిపేరు షాపు. ఈమధ్య ఒకావిడ కూతురి ఫోన్ తెచ్చి, "బాబూ, ఇందులో ఉన్నదంతా తుడిచెయ్, వాళ్ల నాన్నకి తెలిస్తే చంపేస్తారు" అంది. తొమ్మిదో తరగతి పిల్ల. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకున్న యూనిఫాం ఫొటో తీసుకుని ఎవడో ఏఐతో అసభ్యంగా మార్చి డబ్బులడుగుతున్నాడు. నేను తుడవలేదు. ఆ బెదిరింపు మెసేజ్‌లే కదా సాక్ష్యం! వాడి ఖాతా పేరు, లింకు, డబ్బు పంపమన్న యూపీఐ ఐడీ స్క్రీన్‌షాట్ తీయించాను.

"అది అసలు ఫొటో కాదు కదమ్మా, గొడవెందుకు" అన్నారట బడిలో. చదువు చెప్పేవాళ్ల మాటేనా ఇది? కంప్యూటర్‌తో తయారుచేసి, అచ్చం పిల్లలదేననిపించే అశ్లీల చిత్రం కూడా 2019 సవరణతో, పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే పోక్సో చట్టంలోకి వచ్చింది. పిల్లలపై లైంగిక నేరం తెలిసీ పోలీసులకు చెప్పకపోతే ఆ చట్టం ప్రకారం అదీ నేరమే.

పరువు పోతుందనే భయానికీ దారుంది. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఇలాంటివాటికి పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయొచ్చు. పిల్లల సహాయవాణి 1098కి పిల్లలే ఫోన్ చేయొచ్చు. డబ్బు పోతే సైబర్ మోసాల సహాయవాణి 1930. ఫీజు గడువుల పక్కనే ఈ నంబర్లు కూడా స్కూలు డైరీల్లో అచ్చువేయించాలని జిల్లా విద్యాశాఖాధికారిని కోరుతున్నాను.

– ఒక మొబైల్ మెకానిక్, మద్దిలపాలెం, విశాఖపట్నం