సరిహద్దులో యాత్రికుల బస్సులకు దారి ఇవ్వండి: కేంద్ర హోం మంత్రికి తిరుపతి నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర హోం శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను తిరుపతి నుంచి కాశీ, గయ, అయోధ్య మీదుగా నేపాల్‌కు యాత్రా బస్సులు నడుపుతాను. మా బస్సు ఎక్కేవాళ్లలో ఎక్కువమంది చిత్తూరు, పీలేరు, పుంగనూరు చుట్టుపక్కల పల్లెలవాళ్లు, అరవై దాటినవాళ్లు. పశుపతినాథుణ్ణి చూడాలని, ఓపికుంటే ముక్తినాథ్ దాకా వెళ్లాలని వాళ్ల కోరిక. వైష్ణవులకు పరమ పవిత్రమైన 108 విష్ణు క్షేత్రాల్లో, అంటే దివ్యదేశాల్లో, ముక్తినాథ్ ఒకటి. శ్రీవారి పాదాల దగ్గర పుట్టినవాళ్లకు ఆ ఆశ ఉండదా? గోరఖ్‌పూర్ దాకా నాకు దిగులుండదు. టెన్షన్ అంతా అక్కణ్ణుంచి సునౌలీ సరిహద్దు దాటేదాకానే.

సరిహద్దు ఇంకా చాలా దూరం ఉండగానే లారీలు బారులు తీరి కనిపిస్తాయి. నేపాల్‌కు సరుకు మోసే లారీలు, ఊళ్లో ఆటోలు, బైకులు, మా బస్సు, అన్నీ ఒకే రోడ్డు మీద. బస్సు నాలుగడుగులు కదిలి ఆగుతుంది. డ్రైవరు సీటు వదల్లేడు. క్లీనరే కాగితాలు పట్టుకుని ముందుకు నడుస్తాడు. బండి నేపాల్‌లో ఎన్ని రోజులుంటే అన్ని రోజులకు అవతల భన్సార్‌లో, అంటే నేపాల్ కస్టమ్స్ ఆఫీసులో, డబ్బు కట్టి చీటీ తెచ్చుకోవాలి మరి. గోరఖ్‌పూర్ దాటాక మా బస్సులో ఆడవాళ్లు నీళ్లు ముట్టరు. అంతకుముందు యాత్రకు వచ్చినవాళ్లు ఊళ్లో చెప్పి పంపుతారు. షుగరు మాత్రను కూడా ఒక్క గుక్కతో మింగి సీసా మూత పెట్టేస్తారు. లారీల మధ్య ఎక్కడ దిగుతారు? దిగితే బస్సు కదిలిపోతుందేమోనని భయం. ఇన్నేళ్లుగా చూస్తున్నా, అది చూసి ఊరుకోవడం నావల్ల కావడం లేదు.

1950 నాటి స్నేహ ఒప్పందం పుణ్యమా అని మనవాళ్లకు నేపాల్ వెళ్లడానికి వీసా అక్కర్లేదు. నడిచి వెళ్లే మనిషి ఇట్టే అవతల ఉంటాడు. కాబట్టి మా ఆలస్యం చాలావరకు రోడ్డు వల్లే. లారీ డ్రైవర్లను నేను తప్పుపట్టను. వాళ్లు ఆ దుమ్ములోనే వండుకుని, ఆ దుమ్ములోనే పడుకుంటారు.

మీ శాఖ కింద ఉన్న ల్యాండ్ పోర్ట్స్ అథారిటీ 2010 చట్టంతో ఏర్పడి 2012లో పని మొదలుపెట్టింది. నేపాల్ సరిహద్దులోని రక్సౌల్, జోగ్‌బనీ, రుపైడిహాల్లో సమీకృత చెక్‌పోస్టులు, అంటే కస్టమ్స్, ఇమిగ్రేషన్ లాంటి తనిఖీలన్నీ ఒకేచోట జరిగేవి, కట్టింది. సునౌలీ చెక్‌పోస్టుకు 2023 జూన్ 1న రెండు దేశాల ప్రధానులు శంకుస్థాపన చేశారు. మంచి పని. నా బెంగ గేటు బయటి రోడ్డు గురించే. చెక్‌పోస్టు మీది, కస్టమ్స్ ఆర్థిక శాఖది, జాతీయ రహదారి రోడ్డు రవాణా శాఖది, ఊళ్లో ట్రాఫిక్ రాష్ట్ర పోలీసులది. ఇంతమంది మధ్య ఆ చివరి కొన్ని కిలోమీటర్లు ఎవరికీ పట్టకుండా పోతున్నాయని నా అనుభవం. అందుకే చెక్‌పోస్టుకు డబ్బు మంజూరు చేసే కాగితంలోనే అప్రోచ్ రోడ్డు, ఊరికి ముందే లారీల పార్కింగ్, ప్రయాణికుల బస్సులకు వేరే వరస కూడా రాయించండి. వాటిని విడి పనులుగా వదిలేస్తే ఏళ్లు పడుతుంది.

మా తిరుపతి సంగతి చెప్తాను. అలిపిరిలో కొండెక్కే ప్రతి బండినీ ఆపి తనిఖీ చేస్తారు. పైన వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో గంటల తరబడి కూర్చోబెడతారు. అయినా జనం ఓర్చుకుంటారు, ఎందుకంటే కంపార్ట్‌మెంట్లలో పాలు, అన్నం, మరుగుదొడ్లు ఉంటాయి. సరిహద్దులో కూడా తనిఖీ గట్టిగానే జరగాలి, అందులో మాకు అభ్యంతరం లేదు. ఆగిన చోట మనిషి మనిషిలా ఉండగలిగితే చాలు.

డబ్బు ఎక్కడిదంటారా? చెక్‌పోస్టుల్లో పార్కింగ్‌కు, గోదాములకు ఛార్జీలు వసూలు చేస్తున్నారు. అందులో కొంత భాగం ప్రయాణికుల సౌకర్యాలకే ఖర్చు చేయాలని నిబంధన పెట్టండి. శుభ్రమైన మరుగుదొడ్లు, వేరే వరస ఇస్తామంటే బస్సుకు ఇంత అని మేమూ కడతాం. యాత్రికులు కూడా కాదనరు.

పెద్ద పనులకు సమయం పడుతుందని నాకు తెలుసు. ముక్తినాథ్ యాత్రలు మార్చిలో ఊపందుకుంటాయి. ఈలోగా లారీల బారు పొడవునా అక్కడక్కడా తాత్కాలిక మరుగుదొడ్లు, పగటిపూట కొన్ని గంటలు బస్సులను ముందు వదిలే ఏర్పాటు, ఈ రెంటికీ ఉత్తర్వు ఇప్పించండి. వీటికి శంకుస్థాపనలు అక్కర్లేదు.

ఇట్లు,
యాత్రా బస్సుల నిర్వాహకుడు,
తిరుపతి