బాణం గుర్తు స్పానర్ల లాట్ అమ్మడం లేదు

పాత మిలిటరీ స్పానర్ల కొత్త లాట్ వస్తోందని మీ దగ్గర బుకింగులు తీసుకున్నాం కదా, అది అమ్మడం లేదు. వాటి మీది సైన్యం ముద్రలు ఈమధ్య కొట్టినవి. కట్టిన డబ్బు పూర్తిగా వెనక్కి వచ్చేస్తుంది, మీరు అడగక్కర్లేదు.

సరుకు పంపినాయన దగ్గర ఏళ్లుగా కొంటున్నాను. ఈసారి పెట్టె విప్పితే ప్రతి స్పానర్ మీదా బ్రిటిష్ సైన్యం వాడే బాణం గుర్తు, అన్నీ అచ్చు ఒకేలా. అదే అనుమానం తెప్పించింది. భూతద్దం పెట్టి చూస్తే స్పానర్ ఒళ్లంతా నల్లగా తుప్పు పట్టి ఉంది, బాణం గీత అడుగున మాత్రం ఇనుము తళతళలాడుతోంది. పంచ్ దెబ్బకు పైకి లేచిన అంచు గోటికి గీసుకుంటోంది. ఎనభై ఏళ్లు చేతుల్లో నలిగిన పనిముట్టుకు ఆ అంచు ఎక్కడ మిగులుతుంది? ఇంకోదాని మీద 1943 అని కొట్టి, పక్కనే 5120తో మొదలయ్యే 13 అంకెల స్టాక్ నంబరు (సైన్యం తన సరుకుకు ఇచ్చే జాబితా నంబరు) వేశారు. 5120 అంటే చేతి పనిముట్ల తరగతే, అంతవరకు నిజం. కానీ ఆ నంబర్ల పద్ధతే రెండో ప్రపంచ యుద్ధం తర్వాతది. అమెరికా 11 అంకెల నుంచి 13కి మారిందే 1974లో.

ఫోన్ చేసి అడిగితే, "బాణం ఉంటేనే కదా సార్ జనం కొనేది, ఎవరు చూస్తారు" అన్నాడు. ఎవరు చూస్తారా? నా కస్టమర్లు కొలిచే వెర్నియర్ పట్టుకునే పార్శిల్ విప్పుతారు. ఆ మాట ఇప్పటికీ మింగుడు పడటం లేదు. రేటు తగ్గిస్తానన్నాడు, వద్దన్నాను. ఇక ఆయనతో లెక్క ముగిసినట్టే.

నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం వేరే సంగతి: ట్యాగ్ మీద 'దేనికి వాడేవారు' అనే లైన్. ట్యాంకుది, ఫిరంగిది అని రాస్తే ఆ రోజే అమ్ముడుపోతుందని నాకూ తెలుసు. కానీ బాణం చెప్పేది అది ప్రభుత్వ ఆస్తి అని మాత్రమే. C అక్షరం లోపల ఉంటే కెనడా, రెండు D అక్షరాల మధ్య ఉంటే ఆస్ట్రేలియా. ఏ బండిదో చెప్పదు. సైన్యాలు మామూలు స్పానర్లను కూడా టోకున కొనేవి. పని గురించి ఎంతో కొంత చెప్పేది స్పానర్ నోరే. బ్రిటిష్ స్పానర్ మీద 3/8 W (W అంటే విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ కొలత) అని ఉంటే అది అంగుళాల్లో బోల్టు సైజు. నోరు కొలిస్తే దాదాపు 18 మిల్లీమీటర్లు వస్తుంది. ఇప్పటి అమెరికా స్పానర్ మీద అదే 3/8 ఉంటే నోటి వెడల్పే అంత, తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. కొక్కెంలా వంగినదైతే గాడులున్న గుండ్రటి నట్టుకు వాడినది. అక్కడిదాకా ధైర్యంగా రాస్తాను. పార్టు నంబరు సైన్యం మాన్యువల్‌తో సరిపోలితే తప్ప ట్యాంకు పేరు ఎత్తను. అమ్మకాలు పడిపోతాయని ఇంట్లో గొడవ. పడిపోనీ. మొండితనమంటే మొండితనమే.

ఆయన సరుకులోంచి ఇదివరకు మీరు కొన్న స్పానర్ మీద అనుమానం ఉంటే, ముద్రకు పక్కనుంచి వెలుతురు పడేలా ఫోటో తీసి పంపండి. తేడా ఉంటే వెనక్కి తీసుకుంటాను. దయచేసి ముందే వైర్ బ్రష్ వేయకండి. గీతలోని తుప్పు పోతే ఏది పాతదో ఏది కొత్తదో నేనూ చెప్పలేను.